గడప నుంచి ఆశ్రయం దాకా: మధ్యలో ఉన్న దారి



రసాయనశాస్త్రంలో ఉత్తేజన శక్తి గురించి మీరు చదువుకొని ఉంటారు. బొగ్గు ఉంది, దాని చుట్టూ గాలిలో ఆక్సిజన్ ఉంది. రెండూ కలిస్తే వేడి పుడుతుందని మనకు తెలుసు. అయినా బొగ్గు తనంతట తాను మండదు. ముందు ఒక అవరోధాన్ని దాటాలి. ఆ అవరోధం దాటడానికి కావలసిన శక్తినే ఉత్తేజన శక్తి అంటాం. ఆ అవరోధాన్ని తగ్గించి, చర్యకు సులువైన దారి చూపే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటాం.

ఇవాళ మనం మాట్లాడుకునేది రసాయనశాస్త్రం కాదు. కాని ఈ భావన మనకు ఉపయోగపడుతుంది. గృహహింసకు గురవుతున్న స్త్రీని కాపాడడానికి మన దేశంలో చట్టం ఉంది, ఆశ్రయ గృహాలు ఉన్నాయి, ఫోను చేయడానికి నంబర్లు ఉన్నాయి. ఆమె మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. ఆమె గడపకూ ఆశ్రయానికీ మధ్య ఒక దారి ఉంది. ఆ దారి దాటడమే చాలామందికి పెద్ద అవరోధం. దాన్ని దాటించే పనిని స్వచ్ఛంద సేవకులు ఎలా చేస్తున్నారో, ఆ పనికి మంచి మనసుతో పాటు కట్టుదిట్టమైన పద్ధతి ఎందుకు అవసరమో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. సమస్య పరిమాణం

మన దేశంలో అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 మధ్య జరిగింది. దాని ప్రకారం 18 నుంచి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో సుమారు 29 శాతం మంది భర్త చేతిలో శారీరక హింసనో లైంగిక హింసనో ఎదుర్కొన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం.

అదే సర్వేలో ఇంకో రెండు అంకెలు ఉన్నాయి. హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు కేవలం 14 శాతం. వారిలోనూ ఎక్కువమంది వెళ్లింది పుట్టింటివారి దగ్గరకే. పోలీసుల దాకా వెళ్లినవారు చాలా కొద్దిమంది. ఇక బజారుకు, ఆసుపత్రికి, ఊరి బయటకు, ఈ మూడు చోట్లకూ ఒంటరిగా వెళ్లగల స్త్రీలు దేశం మొత్తం మీద 42 శాతమే. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మామూలు రోజుల్లోనే ఒంటరిగా ఊరు దాటని మనిషి, ఆపద వచ్చిన రాత్రి ఒక్కసారిగా ఊరు దాటాలంటే ఎంత కష్టమో అర్థమవుతుంది.

2. ‘ఎందుకు వెళ్లిపోదు?’

గృహహింస మాట వచ్చినప్పుడల్లా నలుగురూ అడిగే ప్రశ్న ఇది. దీన్ని కాస్త మార్చి అడుగుదాం: ‘ఎలా వెళుతుంది?’

ఒక ఊరిని ఊహించుకోండి. అక్కడి నుంచి మండల కేంద్రం 9 కిలోమీటర్లు. అక్కడి నుంచి జిల్లా కేంద్రం 60 కిలోమీటర్లు. ఊరికి వచ్చే ఆఖరు బస్సు సాయంత్రం 7 గంటలకు. గొడవ జరిగింది రాత్రి 10 గంటలకు. ఊళ్లో ఆటో ఉంది, కాని ఆటో నడిపేది భర్త స్నేహితుడు. ఆమె చేతిలో ఇద్దరు పిల్లలు. చేతి సంచిలో డబ్బు లేదు. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం భర్త బీరువాలో ఉన్నాయి. ఫోను ఉంది, కాని అందులోని ప్రతి పిలుపునూ భర్త చూస్తాడు. ఇప్పుడు చెప్పండి, ఆమె వెళ్లకపోవడానికి కారణం ధైర్యం లేకపోవడమేనా?

ఇందులో నాలుగు విడివిడి అవరోధాలు ఉన్నాయి: వాహనం, డబ్బు, సమయం, సమాచారం. నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ప్రయాణం ఆగిపోతుంది. వరుసగా కలిపిన తీగల్లో ఒక్కటి తెగినా దీపం ఆరిపోయినట్లే ఇదీ.

డబ్బు అనే అవరోధం ఈ మధ్య కొంత తగ్గింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఇది పెద్ద మేలు. అయితే ఆ టికెట్టుకు గుర్తింపు కార్డు చూపించాలి. కార్డు బీరువాలో ఉండిపోతే ఉచిత బస్సు కూడా అందదు. పైగా బస్సు నడిచే వేళకు గొడవ జరగాలన్న నియమం ఏమీ లేదు కదా!

3. దూరానికి రెండు ముఖాలు

ఇల్లు వదిలే సమయమే అన్నింటికన్నా ప్రమాదకరమైన సమయమని చాలామందికి తెలియదు. ఇంట్లోంచి బయటపడితే చాలు, గండం గడిచినట్లే అనుకుంటారు. పరిశోధనలు అందుకు భిన్నంగా చెబుతున్నాయి. అమెరికాలో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ బృందం 11 నగరాల్లో జరిపిన అధ్యయనం 2003లో వెలువడింది. స్త్రీని పూర్తిగా తన అదుపులో పెట్టుకునే భర్త నుంచి ఆమె విడిపోయినప్పుడు హత్యకు గురయ్యే ప్రమాదం సుమారు తొమ్మిది రెట్లు పెరుగుతుందని ఆ అధ్యయనం తేల్చింది.

ఇందుకు కారణం ఏమిటి? హింసకు మూలం చాలాసార్లు కోపం కాదు, అదుపు. ఆమె ఎక్కడికి వెళ్లాలి, ఎవరితో మాట్లాడాలి, ఎంత ఖర్చు పెట్టాలి అన్నవన్నీ తన చేతిలో ఉండాలనుకునే మనిషికి, ఆమె గడప దాటడమంటే ఆ అదుపు చేజారిపోవడమే. అందుకే అతను ఎంతకైనా తెగిస్తాడు.

1999 ఏప్రిల్‌లో పాకిస్తాన్‌లోని లాహోర్‌లో జరిగిన సంఘటన దీనికి ఒక విషాద సాక్ష్యం. విడాకులు కోరిన ఒక యువతి ‘దస్తక్’ అనే ఆశ్రయ గృహంలో తలదాచుకుంది. అక్కడ ఆమె క్షేమంగానే ఉంది. తల్లిని కలుసుకోవడానికి న్యాయవాది హీనా జిలానీ కార్యాలయానికి వచ్చినప్పుడు, తల్లి వెంట వచ్చిన వ్యక్తి ఆమెను కాల్చి చంపాడు. ఆశ్రయం గోడలు ఎంత బలమైనవైనా, ఆ గోడల బయట వేసే ప్రతి అడుగునూ ముందే ఆలోచించి వేయాలని ఆ సంఘటన చెబుతోంది.

ఇప్పుడు దూరం సంగతి చూద్దాం. ఇంట్లో ఉన్నప్పుడు దూరం ఆమెకు అడ్డు. 60 కిలోమీటర్లు ఎలా దాటాలన్నది సమస్య. ఒకసారి దాటాక ఆ 60 కిలోమీటర్లే ఆమెకు రక్ష. ఒకే దూరం మొదట రుణాత్మకంగా, తరవాత ధనాత్మకంగా పనిచేస్తుంది. దగ్గరలోని బంధువుల ఇల్లు సులువుగా అందుతుంది, కాని అతనికి మొదట తట్టేది కూడా ఆ ఇల్లే. అందుకే చాలా దేశాల్లో బాధితులను సొంత ఊరికి దూరంగా ఉన్న ఆశ్రయాలకు పంపుతారు. ఆశ్రయం దూరమయ్యేకొద్దీ ప్రయాణానికి సహాయం అవసరమూ పెరుగుతుంది.

4. ఇతర దేశాల్లో చేసిన ప్రయత్నాలు

ఈ అవసరాన్ని గుర్తించి కొన్ని దేశాల్లో మామూలు మనుషులే ముందుకు వచ్చారు. మూడు ఉదాహరణలు చూద్దాం.

బ్రిటన్‌లో ఒక రైల్వే స్టేషన్ మేనేజరు ఆశ్రయ గృహాల మీద తీసిన టెలివిజన్ డాక్యుమెంటరీ చూశాడు. ఆశ్రయంలో చోటు దొరికినా అక్కడికి చేరడానికి టికెట్టు కొనలేని స్త్రీలు ఉన్నారని అతనికి అర్థమైంది. తన సంస్థ ముందు ఒక ఆలోచన పెట్టాడు. అలా 2019లో ‘రైల్ టు రెఫ్యూజ్’ పథకం మొదలైంది. ఉమెన్స్ ఎయిడ్ అనే సంస్థ తోడ్పాటుతో 2020 ఏప్రిల్‌లో, కరోనా లాక్‌డౌన్ రోజుల్లో, అది దేశంలోని రైల్వే సంస్థలన్నింటికీ విస్తరించింది. ఆశ్రయ గృహం కార్యకర్త టికెట్టు ఏర్పాటు చేస్తారు, బాధితురాలు, పిల్లలు ఉచితంగా ప్రయాణిస్తారు. టికెట్టు ఉచితం కాకపోతే తాము ప్రయాణం చేసి ఉండేవారమే కాదని ఈ పథకాన్ని వాడుకున్నవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది చెప్పారు. రైలు టికెట్టు ధర కూడా ఎంత పెద్ద అవరోధమో దీనివల్ల తెలుస్తుంది.

కెనడాలోని టొరంటోలో 2016లో ‘షెల్టర్ మూవర్స్’ అనే సంస్థ ఏర్పడింది. హింస నుంచి బయటపడే కుటుంబాల సామాన్లను ఉచితంగా తరలించడం దాని పని. ఇందులో ఎక్కువమంది స్వచ్ఛంద సేవకులే. అవసరమైతే భద్రతా సిబ్బందిని వెంట తీసుకువెళతారు. సామానుదేముందని మీరు అనుకోవచ్చు. కాని కట్టుబట్టలతో బయటపడిన స్త్రీ పిల్లల పుస్తకాలు, పక్కబట్టలు, కుట్టుమిషను, వంటపాత్రలు మళ్లీ కొనాలంటే ఎంత డబ్బు కావాలో లెక్క వేయండి. ఆ ఖర్చుకు భయపడి తిరిగి హింసలోకి వెళ్లేవారు ఉంటారు.

అమెరికాలో 1985లో న్యూజెర్సీలో ‘మానవి’, 1989లో న్యూయార్క్‌లో ‘సఖి’ అనే సంస్థలు దక్షిణాసియా స్త్రీల కోసం ఏర్పడ్డాయి. వలస వెళ్లిన మన కుటుంబాల్లో, తెలుగువారిలో కూడా, భర్త వీసా మీద ఆధారపడి వచ్చిన భార్యకు డ్రైవింగ్ లైసెన్సు, సొంత బ్యాంకు ఖాతా లేకపోవడం కొత్త కాదు. కారు లేనిదే కూరగాయల దుకాణానికైనా వెళ్లలేని శివారు ప్రాంతాల్లో, కోర్టుకో ఆసుపత్రికో తన భాష తెలిసిన మనిషి తోడు రావడం ఆమెకు ఎంత ఆసరానో చెప్పనక్కరలేదు.

5. మన చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమలులోకి వచ్చింది. ఈ చట్టాన్ని రాసినవారు దారి సంగతి మరిచిపోలేదు. 2006 నాటి నియమావళిలోని 8వ నియమం రక్షణ అధికారి బాధ్యతలను చెబుతుంది. బాధితురాలిని, ఆమె పిల్లలను ఆశ్రయ గృహానికి చేర్చడానికి వాహన సౌకర్యం పొందడంలో సాయపడడం అందులో ఒకటి. అంటే ప్రయాణం అడగడం ఆమె హక్కు, ఎవరి దయా కాదు.

మరో ముఖ్య విషయం. ఆమె ఇల్లు వదిలి తీరాలని చట్టం అనడం లేదు. 17వ సెక్షన్ ప్రకారం ఆ ఇంట్లో నివసించే హక్కు ఆమెకు ఉంది. 19వ సెక్షన్ కింద, హింసించే వ్యక్తినే ఇంటి నుంచి బయటకు పంపమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. కోర్టు ఆదేశం వచ్చేదాకా ప్రాణం నిలబెట్టుకోవడానికి వెళ్లేదే ఆశ్రయం.

2015 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ప్రభుత్వం సఖి వన్ స్టాప్ సెంటర్ల పథకాన్ని, 181 మహిళా హెల్ప్‌లైన్ పథకాన్ని అమలులోకి తెచ్చింది. సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు సహాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, కొద్ది రోజుల వసతి ఒకే చోట దొరుకుతాయి. ఆపదలో ఉన్న స్త్రీని అక్కడికి చేర్చడానికి పోలీసు వాహనాలు, 108 అంబులెన్సులతో అనుసంధానం ఉండాలన్నది పథకంలోని ఏర్పాటు. మీకు తెలుసు, 108 సేవ 2005లో మొదలైంది హైదరాబాద్‌లోనే. దాన్ని నడిపిన సంస్థే 2015 నుంచి గుజరాత్ రాష్ట్రమంతటా ‘181 అభయం’ వాహనాలను నడిపింది. ఆ వాహనంలో డ్రైవరుతో పాటు ఒక కౌన్సెలరు, ఒక మహిళా కానిస్టేబులు ఉంటారు. అంటే ఆమె వాహనం దగ్గరకు రానక్కరలేదు, వాహనమే ఆమె గడప దగ్గరకు వస్తుంది.

6. దాటించేవారు పాటించవలసిన నియమాలు

ప్రభుత్వ వాహనం అన్ని చోట్లకూ, అన్ని వేళలా అందదు. అక్కడే స్వచ్ఛంద సేవకుల అవసరం వస్తుంది. ఈ పని ఎవరికి వారు చేసేది కాదు. చట్టంలోని 10వ సెక్షన్ కింద నమోదైన సేవాసంస్థలు ఉంటాయి. సద్బుద్ధితో చేసిన పనికి వాటికి చట్టపరమైన రక్షణ ఉంది. ఒంటరిగా బయలుదేరిన వ్యక్తి మీద మాత్రం కిడ్నాప్ ఫిర్యాదు రావచ్చు. కాబట్టి సేవకుడు సంస్థ ద్వారానో, సఖి కేంద్రం ద్వారానో, పోలీసుల ద్వారానో పనిచేయాలి. ఇలాంటి పనిలో పాటించవలసిన నియమాలు ఇవి:

నిర్ణయం ఆమెదే. వెళ్లాలా వద్దా, ఎప్పుడు, ఎక్కడికి అన్నది ఆమె చెప్పాలి. ఆఖరి నిమిషంలో ఆమె మనసు మార్చుకుంటే విసుక్కోకూడదు. తలుపు తెరిచే ఉందని చెప్పి రావాలి.

ఇద్దరు వెళ్లాలి. అందులో ఒకరు స్త్రీ అయి ఉండాలి.

వీలైనంతవరకు ఇంటి ముందు కలవకూడదు. బస్టాండు, ఆసుపత్రి, గుడి వంటి నలుగురు తిరిగే చోటు మంచిది. ఇంటికే వెళ్లవలసి వస్తే పోలీసులు వెంట ఉండాలి.

తెలియవలసినంతే తెలియాలి. దూరం ఎక్కువైతే ఒకరు మధ్యదాకా, మరొకరు అక్కడి నుంచి తీసుకువెళతారు. మొదటివారికి ఆఖరి చిరునామా తెలియదు. తెలియని విషయం పొరపాటున కూడా నోరు జారదు.

వాదనకు దిగకూడదు. భర్తకు బుద్ధి చెప్పడం, నగలు తిరిగి తేవడం సేవకుడి పని కాదు.

కథ అడగకూడదు. ఆమె చెబితే వినాలి. చెప్పకపోతే మంచినీళ్లు ఇచ్చి, పిల్లలకు ఏదైనా తినిపించి, మౌనంగా బండి నడపాలి. ఫోటో తీయకూడదు, ఎవరికీ చెప్పుకోకూడదు.

తన ఇష్టంతోనే వెళుతున్నానని ఆమె స్వయంగా పోలీసులకు తెలపడం మంచిది. లేకపోతే ‘కనబడుటలేదు’ అన్న ఫిర్యాదు మీద ఆమె కోసం వెతుకులాట మొదలవుతుంది.

7. జాడ చెప్పే వస్తువులు

పాత రోజుల్లో బస్సు ఎక్కితే జాడ దొరికేది కాదు. ఇప్పుడు మన వస్తువులే మన జాడ చెబుతాయి. భర్త పేరున ఉన్న కారులో బయలుదేరితే, టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్ నుంచి డబ్బు కోసుకోగానే సందేశం అతని ఫోనుకే వెళుతుంది. ఏ గేటు, ఎన్ని గంటలకు అన్నది కూడా అందులో ఉంటుంది. ఉమ్మడి ఖాతా నుంచి యూపీఐలో టీ డబ్బులు చెల్లించినా అంతే. ఆన్‌లైన్ టికెట్టు వివరాలు నమోదైన నంబరుకు పోతాయి. ఫోనులోని గూగుల్ ఖాతా అతనికీ తెలిసినదైతే ఆమె ఉన్న చోటు పటంలో కనిపిస్తుంది. అందుకే అనుభవం ఉన్న కార్యకర్తలు ముందుగా ఈ విషయాలు మాట్లాడతారు. చేతిలో నగదు, వేరే ఫోను, సేవాసంస్థ ఏర్పాటు చేసిన వాహనం మేలు.

ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, రోజూ వేసుకునే మందులు, వీటి నకళ్లనో అసలు వాటినో ముందే నమ్మకమైన వారి దగ్గర ఉంచుకోవడం మంచిది. డిజీలాకర్‌లో దాచుకుంటే, ఓటీపీ ఏ నంబరుకు వస్తుందో ముందుగా చూసుకోవాలి.

8. మీరు చేయగలిగింది

మీలో కొందరికి పక్కింటి నుంచి వచ్చే కేకలు వినబడి ఉంటాయి. కొందరికి సొంత ఇంట్లోనే వినబడి ఉంటాయి. అర్ధరాత్రి స్నేహితురాలు వచ్చి ‘మా అమ్మను ఎక్కడికైనా తీసుకుపోదాం’ అంటే, మోటారు సైకిలు తాళాలు వెతకడం మొదటి పని కాదు. ప్రాణాపాయం ఉంటే 112కు ఫోను చేయండి. సలహా, వసతి, వాహనం కావాలంటే 181. పిల్లలకు ఆపద ఉంటే 1098. రైల్లో ఉండగా సహాయం కావాలంటే 139.

‘మనకెందుకొచ్చిన గొడవ, రేపు సాక్ష్యం అంటారు’ అని వెనకాడేవారు చాలామంది. చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం గృహహింస గురించి ఎవరైనా రక్షణ అధికారికి సమాచారం ఇవ్వవచ్చు. సద్బుద్ధితో సమాచారం ఇచ్చినవారి మీద సివిల్ బాధ్యత కానీ క్రిమినల్ బాధ్యత కానీ ఉండదు. ఇది మీ పెద్దలకు కూడా చెప్పండి.

సారాంశం

ఉత్ప్రేరకం గురించి ఒక ముఖ్య లక్షణం చదివారు కదా! అది చర్యకు సులువైన దారి చూపుతుంది, కాని ఫలితాన్ని తాను నిర్ణయించదు. బాధితురాలిని దాటించే సేవకుడి పనీ అంతే. వెళ్లాలన్న నిర్ణయం ఆమెది, వెళ్లాక బతుకు ఆమెది. మధ్యలోని దారి మాత్రం ఆమె ఒక్కతే దాటవలసిన అవసరం లేదు. చట్టం, ఆశ్రయం, ఫోను నంబరు ఈ మూడూ ఆమెకు నిజంగా అందేది, ఆ దారిలో ఆమెకు తోడు దొరికినప్పుడే.

ఆలోచించండి, చేయండి

1. మీ ఊరి నుంచి సమీప సఖి కేంద్రం ఎన్ని కిలోమీటర్లు? అక్కడికి ఆఖరు బస్సు ఎన్ని గంటలకు? ఆ తరవాత ఏ దారి ఉంది? కనుక్కొని మీ తరగతి గదిలో ఒక పట్టిక తయారుచేయండి.

2. సఖి కేంద్రం చిరునామాను నోటీసు బోర్డులో పెట్టవచ్చు కాని, ఆశ్రయ గృహం చిరునామాను పెట్టకూడదు. ఎందుకో చర్చించండి.

3. మీ జిల్లా రక్షణ అధికారి కార్యాలయం ఎక్కడుందో తెలుసుకోండి. బాధితురాలిని ఆశ్రయానికి చేర్చడానికి అక్కడ ఏ వాహన ఏర్పాటు ఉందో మీ ఉపాధ్యాయుల ద్వారా రాతపూర్వకంగా అడగండి.